సముద్రాన్ని కొలిచే కొలువు

తుపాను రోజులలో రేడియో దగ్గర కూర్చున్న ప్రతి కుటుంబానికీ పరిచితమైన వాక్యం ఒకటి ఉన్నది. “సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.” ఆ వాక్యాన్ని చదివి వినిపించేవారు మావంటివారు. దాని వెనుక ఉన్న నిర్ణయం శాస్త్రజ్ఞులది. అయితే శాస్త్రజ్ఞుని బల్ల మీదికి సముద్రం అలలుగా రాదు, అంకెలుగా వస్తుంది. ఆ అంకెలను ఓడ మీద నిలబడి సేకరించి తెచ్చే చిన్న ఉద్యోగి ఒకడున్నాడు. అతనికి టెక్నీషియన్ అని పేరు. నేటి ప్రసంగం అతని పనిని గురించి.

సముద్రపు లోతును కొలవడం మానవునికి కొత్త విద్య కాదు. తాటికి బరువు కట్టి నీటిలోకి వదలి, ఎన్ని బారలు దిగినదో లెక్కించడం అనాదిగా ఉన్న పద్ధతి. బార అంటే చాచిన రెండు చేతుల నిడివి. 1872 నుండి 1876 వరకు ప్రపంచ సముద్రాలలో తిరిగిన ‘ఛాలెంజర్’ అనే ఆంగ్ల నౌక కూడా ఈ మార్గాన్నే అనుసరించింది. 1875లో పసిఫిక్ మహాసముద్రంలో ఆ నౌకవారు వదలిన తాడు ఎనిమిది వేల మీటర్లకు పైగా దిగింది. ఆ యాత్ర ఫలితాలు శాస్త్రజ్ఞుల పేర్లతో ప్రసిద్ధికెక్కాయి. తాడు వదలి, తిరిగి లాగిన చేతుల పేర్లు చాలవరకు ఎవరికీ తెలియవు.

మన తీరంలో ఈ శాస్త్రానికి తొలి పీఠం వాల్తేరు. 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర విజ్ఞానపు అధ్యయనం వేళ్లూనింది. నేడు గోవా కేంద్రంగా ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1966లో ఏర్పడింది. దాని శాఖ ఒకటి విశాఖపట్నంలో పనిచేస్తున్నది. 1993లో మద్రాసులో, అనగా నేటి చెన్నైలో, సముద్ర సాంకేతిక సంస్థ వెలిసింది. 1999లో హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం నెలకొన్నది. నౌకాదళానికి చెందిన ‘సంధాయక్’ అనే కొత్త సర్వే నౌక 2024 ఫిబ్రవరిలో విశాఖలోనే సేవలో ప్రవేశించింది. కనుక ఈ కొలువు మనకు దూరపు మాట కాదు.

ఇక పని స్వరూపం. ఈనాడు లోతును తాటితో కాక ధ్వనితో కొలుస్తారు. ఓడ అడుగు నుండి వెలువడిన ధ్వని సముద్రగర్భాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు తెలుస్తుంది. ఉప్పునీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. నాలుగు సెకన్లలో ప్రతిధ్వని వచ్చినదంటే లోతు మూడు వేల మీటర్లు. వినడానికి ఇది బడిపిల్లల లెక్కవలె ఉన్నది. కాని ధ్వని వేగం అన్నిచోట్లా ఒకటి కాదు. నీటి వేడిని బట్టి, ఉప్పదనాన్ని బట్టి, లోతున ఉండే ఒత్తిడిని బట్టి అది మారుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు మన బంగాళాఖాతంలో పైపొరగా తేలుతుంది. వేగాన్ని నూటికి రెండు వంతులు తప్పుగా తీసుకుంటే మూడు వేల మీటర్ల లోతులో అరవై మీటర్ల తేడా వస్తుంది. అందువలన ముందు నీటి గుణాలను కొలిచిన తరువాతనే లోతును నమ్మాలి.

అందుకోసం సి.టి.డి. అనే పరికరాన్ని ఇనుప తాటితో దింపుతారు. అది దిగినంత మేరా నీటి విద్యుద్వాహకతనూ, వేడినీ, ఒత్తిడినీ నమోదు చేస్తుంది. ఉప్పదనం ఆ విద్యుద్వాహకత నుండి తేలుతుంది. దాని చుట్టూ అమర్చిన పొడుగాటి సీసాలు కోరిన లోతులలో మూతపడి అక్కడి నీటిని పట్టి తెస్తాయి. పరికరం డెక్కు మీదికి రాగానే టెక్నీషియన్ పరీక్ష మొదలవుతుంది. ప్రాణవాయువును లెక్కించడానికి తీసే నీటిని అన్నిటికంటె ముందు పట్టాలి. గొట్టంలో గాని, చిన్న సీసాలో గాని ఒక్క గాలి బుడగ ఉండరాదు. బంగాళాఖాతంలో కొన్ని వందల మీటర్ల మందాన ప్రాణవాయువు బహు స్వల్పంగా ఉండే పొర ఒకటి ఉన్నది. ఆ నీటిలో చొరబడిన ఒక్క బుడగ, లేనిదాన్ని ఉన్నదిగా చూపుతుంది. ఓడ ఊగుతున్నా, కడుపులో తిప్పుతున్నా, ప్రొద్దుపోయినా చేయి వణకరాదు.

తీరం దగ్గర పని మరొక తీరు. అక్కడ ఆటుపోట్లతో నీటిమట్టం గంటగంటకూ మారుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు హెచ్చు. పడవ మీద ఒకరు లోతును కొలుస్తూ ఉంటే, ఒడ్డున కొలబద్ద దగ్గర మరొకరు నిర్ణీత వ్యవధులలో నీటిమట్టాన్ని వ్రాస్తూ ఉండాలి. ఎండలో ఒంటరిగా చేసే ఈ పనిలో ఒక మీటరు పొరపడితే, పటంలో లోతు ఉన్నదని నమ్మి వచ్చిన ఓడ ఇసుక మేట మీద ఆగిపోవచ్చును.

వీటన్నిటికీ మించిన నియమం పుస్తకానిది. నమోదు పుస్తకంలో తప్పు పడితే దాన్ని చెరిపివేయరాదు. ఒక గీత గీసి, పక్కన సరియైన అంకె వ్రాసి, పొడి అక్షరాలతో సంతకం చేయాలి. చూడని అంకెను వ్రాయనే కూడదు. ఊహించి నింపిన గడికంటె ఖాళీగా విడిచిన గడి గౌరవనీయం. ఖాళీ గడి “ఇక్కడ నాకు తెలియదు” అని నిజం చెబుతుంది. కల్పించిన అంకె ఏళ్ల తరబడి నిజం వేషంలో తిరుగుతుంది. మళ్లీ అదే చోటికి, అదే ఘడియకు ఓడ తిరిగి వెళ్లలేదు గదా.

ఈ నిక్కచ్చితనం ఎవరికోసమని అడగవచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మరచిన ఆంధ్రులు లేరు. వేల ప్రాణాలు ఒక్కరోజులో పోయాయి. తుపాను గాలి నెట్టే నీరు, తీరం ముందు సముద్రం మెరకగా ఉన్నచోట మరింత ఎత్తుకు లేస్తుంది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ మరొక పాఠం. నాలుగు వేల మీటర్ల లోతున సునామీ గంటకు ఏడు వందల కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. యాభై మీటర్ల లోతుకు వచ్చేసరికి ఆ వేగం ఎనభైకి తగ్గి, అల ఎత్తు పెరుగుతుంది. ఏ ఊరికి ఎంతసేపటిలో చేరుతుందో చెప్పాలంటే దారి పొడుగునా లోతు తెలియాలి. 2007 నుండి హైదరాబాదులో పనిచేస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం లెక్కలకు ఇటువంటి కొలతలే పునాది. అనామకుడైన ఉద్యోగి ఏనాడో వ్రాసిన అంకె, ఒక పల్లె మెరకకు చేరడానికి మిగిలిన నిమిషాలుగా మారుతుంది.

ఇంతటి పనికి దక్కే ప్రతిఫలం పెద్దదని చెప్పలేము. ఈ కొలువులలో చాలావరకు కాలపరిమితి గల ఒప్పందాలు. వారాల తరబడి ఇల్లు కనబడదు. సముద్రపు వికారం అనుభవజ్ఞులను కూడా విడువదు. బిగిసిన ఇనుప తాడు తెగితే ప్రాణాపాయం. వాడిన ప్రతి పరికరాన్నీ మంచినీటితో కడగకపోతే ఉప్పు తినివేస్తుంది. తెచ్చిన అంకెలతో వెలువడే శాస్త్ర వ్యాసంలో టెక్నీషియన్ పేరు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఆ పేరు తప్పక ఉండాలని కోరడం న్యాయమైన కోరిక.

ఎలక్ట్రానిక్సులో గాని, యంత్రశాస్త్రంలో గాని డిప్లొమా పొందినవారికి, భౌతిక రసాయన శాస్త్రాలలో పట్టభద్రులైనవారికి ఈ ద్వారం తెరచి ఉన్నది. స్త్రీలు కూడా నేడు పరిశోధన నౌకలలో పనిచేస్తున్నారు. గాలి వాలునూ, నీటి రంగునూ చిన్ననాటి నుండి ఎరిగిన మత్స్యకారుల బిడ్డలకు ఇందులో సహజమైన అర్హత ఒకటి అదనంగా ఉన్నది. మీ ఇంట్లో చదువు ముగించిన అబ్బాయి గాని, అమ్మాయి గాని ఈ కొలువు కోరితే, “ఓడ మీద ఉద్యోగమా?” అని వెంటనే త్రోసిపుచ్చకండి. చూసినది చూసినట్టు వ్రాసే గుణం ఆ బిడ్డకు ఉన్నదా అని మాత్రం అడగండి. తక్కినదంతా సముద్రమే నేర్పుతుంది.