కేసున్నోడల్లా నేరస్తుడా?

(మండల కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు చదువుకొని కొలువులకు పోతున్నరు. పరీక్ష పాసైతరు, ఇంటర్వ్యూ దాటుతరు. ఆఖర్న ఒక గడప ఉంటది: 'ఈ పిల్లగాని మీద కేసులున్నయా?' అడగటం తప్పని నేననను. ఎట్ల వెతుకుతున్నరు, దేన్ని నేరమంటున్నరు? మన పేచీ అక్కడ.

సర్కారు కొలువైతే పోలీసులు విచారించి రిపోర్టు పంపుతరు. ప్రైవేటు కంపెనీలు ఈ పని వెరిఫికేషన్ ఏజెన్సీలకు అప్పజెప్తయి. ఒక ఏజెన్సీ కోర్టు వెబ్‌సైటులో పేరు కొట్టి చూస్తది. ఇంకోటి పోలీసు సర్టిఫికెట్ తెమ్మంటది. ఒకరు ఇప్పుడుంటున్న ఊరే చూస్తరు, ఇంకొకరు పుట్టిన ఊరు దాకా పోతరు. ఒకరు శిక్ష పడితేనే రాస్తరు, ఇంకొకరు కొట్టేసిన కేసును కూడా రాస్తరు. అదే మనిషి ఒక కంపెనీకి మంచోడు, ఇంకో కంపెనీకి నేరస్తుడు! ఇదేం తూకం?

ఇంక పేర్ల సంగతి. మన వాడల్లో ఎల్లయ్య కొడుకు మల్లయ్యలు ఎంతమంది? పేరు, తండ్రి పేరు కలిస్తే చాలనుకుంటే ఒకరి కేసు ఇంకొకరి మెడకు పడతది.

అసలు మన మీద కేసులెట్ల వస్తున్నయి? మనం అట్రాసిటీ కేసు పెడితే అవతలోళ్లు కౌంటర్ కేసు పెడతరు. ధర్నాకు పోతే కేసు. ఎఫ్ఐఆర్ అంటే ఆరోపణ, అది తీర్పు కాదు. 1871లో తెల్లదొరలు చట్టం చేసి కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులన్నరు. 1952లో ఆ చట్టం పోయింది, ఆ చూపు పోలేదు. దళిత, గిరిజన, వెనుకబడిన కులాల్లో పుట్టినంత మాత్రాన అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లల్లో ఎక్కించొద్దని 2024 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

సర్కారు కొలువులకు 2016 అవతార్ సింగ్ తీర్పు కొంత కొలత ఇచ్చింది. చిన్న వయసులో నినాదాలిచ్చిన లాంటి చిల్లర కేసు చెప్పకపోయినా అధికారి మన్నించొచ్చన్నది. ప్రైవేటు ఏజెన్సీలు ఏం వెతకాలె, ఎన్నేండ్లు వెనక్కి పోవాలె అని చెప్పే ప్రత్యేక చట్టమే లేదు.

అందుకే మనం అడిగేది: శిక్ష పడని కేసు రాయొద్దు. పేరుతో పాటు వయసు, అడ్రసు సరిచూడాలె. కొలువు ఆపేముందు రిపోర్టు పిల్లగాని చేతికిచ్చి జవాబు వినాలె.

మనం చేసేది: కేసు కొట్టేస్తే తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకొని భద్రంగా దాచుకోండి. ఫారంలో అడిగింది ఉన్నదున్నట్టు రాయండి. ఏ కేసు ఎక్కడున్నదో సంఘం ఊరూరా పుస్తకంలో రాసిపెట్టాలె. కేసు భయంతో పిల్లలు పోరాటానికి దూరం కావొద్దు, పోరాడినందుకు బువ్వకూ దూరం కావొద్దు.

జైభీమ్!