ఇల్లే ఆఫీసైనా హక్కులు హక్కులే

 

2020 కరోనా నాటి నుంచి రాజాం, పాలకొండ, బొబ్బిలి ఇళ్లలో కూర్చునే హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు పనిచేస్తున్న మన పిల్లలకు ఒక మాట.

ఇంటి నుంచి చేసే పనికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అయినా ఉద్యోగి ఎక్కడున్నా ఉద్యోగే. పీఎఫ్, గ్రాట్యుటీ, 26 వారాల ప్రసూతి సెలవు ఆఫీసుకు వెళ్లేవారికి ఏ నిబంధనలతో వస్తాయో, మీకూ అలాగే వస్తాయి. వీడియో కాల్‌లో పైఅధికారి అసభ్యంగా ప్రవర్తిస్తే, ఆడపిల్లలు 2013 చట్టం కింద మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు.

ప్రసూతి సెలవు తర్వాత ఇంటి నుంచి పనికి 2017 సవరణ దారి చూపింది. కానీ యజమాని ఒప్పుకుంటేనే. ఆ ఒప్పందం రాయించుకోండి.

సంతకానికి ముందు కాగితంలో ‘ఉద్యోగి’ అని ఉందో, ‘కన్సల్టెంట్’ అని ఉందో చూడండి. రెండోదైతే పీఎఫ్, గ్రాట్యుటీ అడగడం కష్టం. నియామక పత్రం, జీతం స్లిప్పులు మీ దగ్గరా దాచుకోండి. కంపెనీ లాప్‌టాప్ తిరిగిచ్చేశాక మీ తరఫున మాట్లాడేవి అవే.

సెలవు.