యూద, క్రైస్తవ, ఇస్లాము మతములు: సామ్య భేదములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



హైదరాబాదు నగరమున మూసీనది ఒడ్డున చాదర్‌ఘాట్ అను ప్రదేశము కలదు. ఏటేట మొహర్రము నెల పదియవ నాడు పాతబస్తీలోని దబీర్‌పురా నుండి బీబీకా ఆలము ఏనుగుపై బయలుదేరి, వేలాది జనము రొమ్ములు బాదుకొనుచు వెంటరాగా, చాదర్‌ఘాట్ చేరును. క్రీ. శ. 680లో కర్బలా మైదానమున అసువులు బాసిన ఇమాము హుస్సేనును తలచుకొని షియా ముస్లిములు చేయు శోకయాత్ర యిది. తెలుగు పల్లెలలో ఈ దినములనే పీర్ల పండుగ యందురు. పీరులను ఎత్తువారిలోను, గుండము చుట్టు ఆడువారిలోను హిందువులును ఉందురు.

అయితే ఆ పదియవ దినమునకు కర్బలాకు మునుపే ఒక చరిత్ర గలదు. మహమ్మదు ప్రవక్త మక్కా విడిచి మదీనా చేరిన పిమ్మట, అచటి యూదులు ఒక దినమున ఉపవసించుట చూచి కారణమడిగెననియు, మూసా ప్రవక్తకును ఆయన జనమునకును ఫరో రాజు చెర నుండి విడుదల కలిగిన దినమది యని వారు చెప్పగా తానును ఉపవసించెననియు హదీసులు చెప్పుచున్నవి. దానికే ఆషూరా యని పేరు. తరువాత రంజాను ఉపవాసములు విధిగా ఏర్పడినవి; ఆషూరా ఉపవాసము ఐచ్ఛికమైనది. సున్నీలలో పలువురు నేటికిని ఆ దినమున ఉపవసింతురు. మూసాయే యూదుల మోషే. మోషే కాలపు విడుదలను యూదులు ప్రధానముగా వసంతకాలమున పస్కా పండుగగా జరుపుకొందురు. యేసుక్రీస్తు సిలువ వేయబడినదియు పస్కా దినములలోనే యని సువార్తలు చెప్పును.

ఈ విధముగా ఒక్క విడుదల కథ మూడు మతముల జ్ఞాపకములలో నిలిచియున్నది. పొరుగువాని పండుగను వీధిలో నిలిచి చూచుట అందరికిని అలవాటే. ఆ పండుగ వెనుకనున్న విశ్వాసమును వాని నోటనే విని తెలిసికొనుట మాత్రము అరుదు. ఆ కొరతను కొంతయైన తీర్చుట ఈ ఉపన్యాసమునకు ఉద్దేశము. ఏది గొప్పది, ఏది తక్కువది అని తూచుట ఉద్దేశము కాదు.

చాదర్‌ఘాట్ వంతెన 1831లో నిర్మింపబడినది. అచట నుండి కోఠీ మీదుగా ఆబిడ్సు, ఆపైన నాంపల్లి చేరుటకు గంట నడక చాలును. ఆబిడ్సులో సెయింట్ జార్జి చర్చి యున్నది. దాపుననే గన్‌ఫౌండ్రీలో 1870వ దశకమున కట్టిన కతోలికుల సెయింట్ జోసెఫ్ దేవాలయము కలదు. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా యున్నది. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేనతో వచ్చిన యూసుఫ్ బాబా, షరీఫ్ బాబాల సమాధులు అందున్నవి. ఇక యూదుల మాట. ఆబిడ్సు అను పేరే ఒక యూదుని వలన వచ్చినదందురు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులోనుండిన ఆల్బర్టు ఆబిడ్ అను ఆర్మేనియా యూదుడు అచట దుకాణము నడపెననియు, ఆ పేరే ఆ ప్రాంతమునకు నిలిచెననియు ప్రతీతి.

అంతకంటెను ప్రాచీనమైన, విలువైన యూద సంబంధము ఒకటి హైదరాబాదునకు గలదు. ‘దబిస్తాను-ఎ-మజాహిబ్’ అను పారశీక గ్రంథము 17వ శతాబ్దమున వెలువడినది. పార్సీ, హిందూ, యూద, క్రైస్తవ, ఇస్లాము మతములను అందు వరుసగా వివరించిరి. గ్రంథకర్త యెవరను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. అతడు యూదులను గూర్చి వ్రాయదలచినపుడు, యూద పండితులతో తనకు పరిచయము లేకపోవుటయు, ఇతరులు వారిని గూర్చి వ్రాసినదానిని తాను నమ్మకపోవుటయు దాచలేదు. 1647లో హైదరాబాదునకు వచ్చినపుడు అతనికి సర్మద్ అను నాతనితో స్నేహము కుదిరినది. సర్మద్ పుట్టుకచే యూదుడు; తరువాత ముస్లిమై, పిదప ఫకీరైనవాడు. ఆర్మేనియావాడని కొందరు, పారశీకుడని కొందరు చెప్పుదురు. అతని శిష్యుడు అభయచంద్ అను హిందువు. ఈ శిష్యుడు యూదుల ధర్మశాస్త్రములో కొంత భాగమును పారశీకమున అనువదింపగా, గురువు దానిని సరిచూచెను. ఆ అనువాదమును గ్రంథకర్త తన గ్రంథమున చేర్చెను.

గోల్కొండను అబ్దుల్లా కుతుబ్‌షా పాలించుచున్న ఆ దినములలో, ఒక మతమును గూర్చి వ్రాయుటకు ఆ మతమున పుట్టినవానినే అడుగవలెనను నీతిని ఒక గ్రంథకర్త ఈ విధముగా పాటించెను. మతములను పోల్చి చూచువారందరికిని మొదటి పాఠమిదే.

ఇక విషయములోనికి వత్తము. మూడు మతములకును మూలపురుషుడు ఒక్కడే. యూదులును క్రైస్తవులును అతనిని అబ్రాహామనియు, ముస్లిములు ఇబ్రాహీమనియు పిలుతురు. సృష్టికర్త ఒక్కడే, అతడు ప్రవక్తల ద్వారా మనుష్యులతో పలికెను, మంచి చెడ్డలకు అంత్యమున తీర్పు గలదు. ఈ మూడు మాటలను మూడు మతములును స్థూలముగా అంగీకరించును. హెబ్రీ భాషలో ‘షాలోం’, అరబ్బీలో ‘సలాము’ ఒకే ధాతువు నుండి పుట్టిన శాంతివచనములు. చర్చిలోని ‘ఆమేన్’, మసీదులోని ‘ఆమీన్’ ఒక్కటే.

అబ్రాహాము తన కుమారుని దేవునికి బలియీయ సిద్ధపడిన కథను తీసికొనిన, సామ్యమును భేదమును ఒక్కచోటనే కానవచ్చును. ఆ కుమారుడు ఇస్సాకని యూదుల ధర్మశాస్త్రము చెప్పును. వారు తమ నూతన సంవత్సర దినములలో ఆ ఘట్టమును పఠించి పొట్టేలు కొమ్మును ఊదుదురు. క్రైస్తవులును ఇస్సాకనియే నమ్ముదురు. కాని తండ్రి కుమారుని అర్పింప బూనుటలో క్రీస్తు బలియాగమునకు ముందు సూచన చూతురు. ఖురానులో ఆ కుమారుని పేరు చెప్పబడలేదు. అతడు ఇస్మాయీలని ముస్లిములలో అత్యధికుల విశ్వాసము. బక్రీదు నాటి ఖుర్బానీ ఆ త్యాగమునకు గుర్తు. కథ యొక్కటే, తండ్రి యొక్కడే. ఒకరికి అది విధేయతయు దేవుని ఒడంబడికయు, ఒకరికి రక్షణకు సూచన, ఒకరికి సంపూర్ణ సమర్పణము.

భేదములలో ముఖ్యమైనది యేసును గూర్చినది. యూదులు ఆయనను మెస్సీయగా అంగీకరింపరు. మెస్సీయ యింకను రావలసియున్నాడని వారిలో సంప్రదాయ పరులు ఎదురుచూతురు. క్రైస్తవులకు యేసు దేవుని కుమారుడు, మనుష్యుల పాపములకై సిలువపై మరణించి మూడవనాడు లేచినవాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ యను త్రిత్వమును నమ్ముచునే దేవుడు ఒక్కడే యని వారు చెప్పుదురు. ముస్లిములకు ఈసా గొప్ప ప్రవక్త. కన్య మరియమునకు జన్మించినవాడు. ఖురానులో పందొమ్మిదవ అధ్యాయమునకు ఆ తల్లి పేరే పెట్టబడినది. కాని ఆయన దేవుని కుమారుడనుటను, సిలువపై మరణించెననుటను వారు ఒప్పుకొనరు. మహమ్మదు అంతిమ ప్రవక్త యని వారి విశ్వాసము. తక్కిన రెండు మతములవారును దీనిని అంగీకరింపరు.

రెండవ భేదము విధినిషేధములను గూర్చినది. యూద సంప్రదాయము ధర్మశాస్త్రమున 613 ఆజ్ఞలను లెక్కించును. మగశిశువునకు ఎనిమిదవనాడు సున్నతి చేయుదురు. ఇస్లాములోను సున్నతి ఆచారము గలదు. క్రైస్తవ సంఘము తొలికాలముననే యూదేతర విశ్వాసులకు సున్నతి అవసరము లేదని నిర్ణయించి, బాప్తిస్మమును ప్రవేశ సంస్కారముగా పాటించినది. ఇస్లామునకు అయిదు మూలస్తంభములు: కలిమా, దినమునకు అయిదు వేళల నమాజు, రంజాను ఉపవాసములు, జకాతు, శక్తిగలవారికి జీవితమున ఒకమారు హజ్జు. జకాతు నిలువ ధనమునకు నలువదియవ వంతు. యూదులలో దానమునకు వాడు మాటకు న్యాయమను అర్థము గలదు; బీదవానికిచ్చునది వానికి చెందవలసినదే యని భావము. కుడిచేయి ఇచ్చునది ఎడమచేతికి తెలియరాదని యేసు బోధ.

ఆరాధన దినములను చూడుడు. యూదుల విశ్రాంతి దినము శుక్రవారము సూర్యాస్తమయముతో మొదలై శనివారము రాత్రి ముగియును. ఆ వేళ పని ముట్టరు, నిప్పు రాజేయరు. క్రైస్తవులు క్రీస్తు పునరుత్థాన దినమైన ఆదివారమును పాటింతురు. ముస్లిములకు శుక్రవారము మధ్యాహ్నపు సామూహిక నమాజు ముఖ్యము. నమాజు ముగిసిన పిదప వ్యాపారమునకు మరలవచ్చును. యూదులు యెరూషలేము దిక్కుగా ప్రార్థింతురు. ముస్లిములును తొలుత ఆ దిక్కునకే తిరిగి నమాజు చేసి, మదీనా చేరిన తరువాత మక్కాలోని కాబా దిక్కునకు మరలిరి.

భోజనమునందును ఇట్లే. పందిమాంసము యూదులకును ముస్లిములకును నిషిద్ధము. క్రైస్తవులలో అధికులకు అట్టి నిషేధము లేదు. యూదులు మాంసమును పాలను కలిపి భుజింపరు. ద్రాక్షారసము యూదుల విశ్రాంతిదిన ప్రార్థనలోను, క్రైస్తవుల ప్రభురాత్రి భోజన సంస్కారములోను పవిత్రమైనది. ముస్లిములకు మద్యము నిషిద్ధము.

పంచాంగముల సంగతి తెలుగువారికి సులభముగా బోధపడును. యూదుల మాసములు చంద్రుని బట్టియే నడచును. కాని ఋతువులు తప్పకుండుటకై 19 ఏండ్లలో 7 అధికమాసములు చేర్చుదురు. అందుచే పస్కా వసంతకాలపు పున్నమిని వదలదు. ఇస్లాము పంచాంగమున అధికమాసము లేదు. సంవత్సరమునకు 354 లేక 355 దినములే గనుక రంజాను ఏటేట ఇంచుమించు 11 దినములు ముందునకు జరుగును. వేసవిలో వచ్చిన రంజాను పదునారు పదునేడేండ్లకు చలికాలమున వచ్చును. క్రైస్తవుల క్రిస్మసు సూర్యుని లెక్కను బట్టి నిలుకడగా వచ్చును. ఈస్టరు మాత్రము వసంత విషువత్తు తరువాతి పున్నమి గడచిన ఆదివారమున వచ్చును.

ఒక హెచ్చరిక అవసరము. ప్రతి మతములోను శాఖలు గలవు. చాదర్‌ఘాట్‌కు ఆలముతో వచ్చు షియాకును, ఇంట ఉపవసించు సున్నీకిని ఆ ఒక్క దినముననే ఆచారము వేరు. కతోలికుడు దేవాలయమున ప్రతిమలు నిలుపును. ప్రొటెస్టంటులలో పెక్కురు నిలుపరు. కనుక ఒకనిని చూచి అందరిని నిర్ణయింపరాదు. అట్లే “అన్ని మతములు ఒక్కటే” యని తొందరపడి తేల్చుటయు మర్యాద కాదు. క్రైస్తవునికి ప్రాణప్రదమైన సిలువను, ముస్లిమునకు ప్రాణప్రదమైన అంతిమ ప్రవక్తను, యూదునికి ప్రాణప్రదమైన ఒడంబడికను లెక్కలోనుండి తీసివేసినగాని ఆ మాట పొసగదు. భేదమును భేదముగా ఎరిగి, దానితోడనే స్నేహము చేయుటలో ఎక్కువ గౌరవమున్నది.

ఎరుగని మతముపై అపవాదు త్వరగా నమ్మబడును. ఎరుగని మనిషికి అపాయము త్వరగా వచ్చును. సర్మద్ హైదరాబాదు విడిచి ఉత్తరమునకు పోయి, దారాషికో రాకుమారుని ఆదరము పొందెను. 1659లో దారా వధింపబడెను. తరువాత కొలది కాలమునకే ఔరంగజేబు ఏలుబడిలో సర్మద్ శిరస్సు ఢిల్లీలో ఖండింపబడెను. అతని మరణమునకు కారణము మతమా, దారాతోడి మైత్రియా యని నేటికిని చరిత్రకారులు తర్కింతురు. జామా మసీదు చెంతనున్న అతని సమాధిని జనము నేటికిని దర్శింతురు. అతడు అభయచంద్‌తో కూర్చుండి సరిచూచిన పుటలు మాత్రము ఖడ్గమునకు దొరకలేదు. గ్రంథములో చేరి నిలిచినవి.

తెలుగులో ఈ ఎరుకకు సాధనములు లేకపోలేదు. కొత్త నిబంధన తెలుగున 1818లోనే అచ్చయినది. ఖురానును తెలుగు చేసినవారిలో ప్రథములు డాక్టరు చిలుకూరి నారాయణరావుగారు, వారు హిందువులు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున, ఎఫ్రాయీము గోత్రమువారమని చెప్పుకొని యూదాచారమును పాటించు తెలుగు కుటుంబములు గలవు. మూడు మతములును తెలుగు మాటలాడుచున్నవి. వినువారు కావలెను.

హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయము 1891లోను, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను ఏర్పడినవి. ఆనాటి పెద్దలు నాటిన విత్తనమే పల్లె పల్లెకు గ్రంథాలయమై పెరిగినది. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున రామాయణ భారతముల చెంత బైబిలును, ఖురానును, యూద చరిత్రమును నిలుపుటకు ఒక్క అర చాలును. వచ్చు మొహర్రమునకు పీరు వీధిలోనికి వచ్చునపుడు, క్రిస్మసు నాడు చర్చి గంట మ్రోగునపుడు, పిల్లవాడు “ఇదేమి?” యని అడుగును. ఊహించి చెప్పక, అరలోని పుస్తకము తీసి చూపి, “పోయి ఆ ఇంటి పెద్దను అడిగి రమ్ము” అని పంపగల గ్రామమునకు ఈ రజతోత్సవము సార్థకమగును.