అలవాటు ఎచట కాపురముండును?



న్యాయస్థానమున మా వృత్తివారు మొదట విచారించునది ఉద్దేశము. 'ఎందులకు చేసితివి?' అని ప్రతి సాయంకాలము మద్యపు దుకాణమునకు పోవువానిని అడిగిచూడుడు. వానికి సమాధానము తోచదు. వాడు కపటి కాడు. ఆ నడకకు ఉద్దేశమే లేదు. పొద్దు వ్రాలును, చేతిలో కూలి పడును, కాళ్లు కదలును.

2011లో ప్రకటితమైన ఒక పరిశోధనను వినుడు. అమెరికాలో డేవిడ్ నీల్, వెండీ వుడ్ మొదలగువారు సినిమాశాలలో కొందరికి తాజా మొక్కజొన్న పేలాలను, కొందరికి ఏడు దినముల నిలువ పేలాలను ఇచ్చిరి. నిలువవి రుచిగా లేవని తినినవారే చెప్పిరి. అయినను, సినిమాశాలలో పేలాలు తినుట బాగుగా అలవడినవారు తాజావి ఎంత తినిరో పాతవియు అంతే తినిరి! సమావేశపు గదిలో కూర్చుండబెట్టి ఇచ్చినపుడు అట్లు జరుగలేదు. సినిమాశాలలోనే వాటముకాని చేతితో తినుమన్నను ఆ అలవాటు చెదరినది. నాలుకకు తెలిసినది చేతికి తెలియలేదు. చేతిని నడపినది ఆ చోటు.

మన సభలలో ప్రమాణములు చేయించుట పరిపాటి. చేయియెత్తినవాడు ఆ క్షణమున అసత్యమాడుట లేదు. కాని ప్రమాణము సభలో జరిగినది, దుకాణము ఇంటిదారిలో నున్నది. మూడవనాడు వాడు తప్పినచో 'పౌరుషహీనుడు' అందుము. ఇది న్యాయము కాదు. నింద పడినవాడు మనకు ముఖము చాటువేయును. దుకాణదారు మాత్రము వానిని నిందింపడు సుమా!

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో పట్టినది సరియైన చోటు. వారు ఊరి సారా దుకాణమునే మూయించిరి. ఉద్యమము వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమైనది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినది. ఆ కథ వేరు.

దుకాణమును మూయించుట అన్నిచోట్ల మన చేతిలో లేదు. వేళను మార్చుట కొంత మన చేతిలోనిదే. ఆ సాయంకాలమునకు వేరొక పని, వేరొక దారి, వేరొక తోడు కుదుర్పవలయును. ఇరువదియొక్క దినములలో అలవాటు కుదురునను మాటను నమ్మకుడు. లండనులో ఫిలిప్పా లాలీ బృందము 96 మందిని పరీక్షించినది. నీరు త్రాగుట, నడచుట వంటి చిన్న పనులు అలవడుటకే నడిమి లెక్కన 66 దినములు పట్టినవి. మనుష్యునిబట్టి 18 మొదలు 254 వరకు! ఒకదినము తప్పినంతమాత్రమున సాధన చెడలేదనియు వారు కనుగొనిరి. కావున తప్పినవాని పేరు కొట్టివేయకుడు. మానిన మరునాడే చేతులు వణకువారిని మాత్రము మన మాటలతో ఆపక, తక్షణము వైద్యునికడకు గొనిపొండు. అది దేహమునకు పట్టిన వ్యాధి.

మన చిట్టాలో ఇప్పుడు ప్రమాణము చేసినవాని పేరు, తేది మాత్రమే యున్నవి. ఈ వారము మొదలు వాడు ఏ వేళ, ఏ దారిని, ఎవనితో పోవునో అదియు వ్రాయుడు. కూలి ముట్టు దినమున ఆ వేళకు మనలో ఒకడు వాని ప్రక్కన నడువవలయును.