మతిమరుపంతా వయసు వల్లనేనా?



మారేడ్‌పల్లిలోని మన ఇళ్లలో దాదాజానో, దాదీమానో పేర్లు మరచిపోతే "వయసు మీద పడింది, అంతే" అని ఊరుకుంటాం. అది అన్నివేళలా నిజం కాదని మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

మెదడులోని రక్తనాళాలు పూడుకుపోయి నెత్తురు సరిగా అందకపోతే ఆలోచన మందగిస్తుంది. దీనిని వాస్క్యులర్ డిమెన్షియా అంటారు. చాలామందిలో ఇది మెట్లు దిగినట్లు వస్తుంది. కొన్నాళ్లు నిలకడగా ఉండి, ఒక్కసారిగా మరో మెట్టు దిగుతారు. జ్ఞాపకం కంటే ముందు చురుకుదనం తగ్గవచ్చు.

దీనిని గుర్తించడంలో తోడ్పడేది మెదడు విద్యుత్ స్పందన పరీక్ష. తలకు చిన్న బిళ్లలు అంటించి, చెవిలో ఒకే రకం శబ్దం వినిపిస్తూ, అప్పుడప్పుడు వేరే శబ్దం వినిపిస్తారు. రోగి ఆ వేరే శబ్దాన్నే లెక్కపెట్టాలి. దాన్ని పోల్చుకున్న మెదడులో సుమారు 300 మిల్లీసెకన్లకు ఒక అల లేస్తుంది. 1965లో సటన్ బృందం వెల్లడించిన ఈ అలకు పి-300 అని పేరు. డిమెన్షియాలో ఇది తరచు ఆలస్యమవుతుంది. "కరెంటు పెడతారేమో" అని భయపడనక్కరలేదు. మెదడులో పుట్టే విద్యుత్తునే నమోదు చేస్తారు, బయటినుంచి ఏదీ పంపరు.

బడి ముఖం చూడని దాదీమాను తెలుగులో లెక్కలు అడిగితే, తడబాటు జబ్బు వల్లనా, భాష రాకనా? శబ్దాలు లెక్కపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. అయితే వయసుతోనూ ఈ అల ఆలస్యమవుతుంది. చెవుడు ఉంటే ముందే చెప్పాలి. ఈ ఒక్క పరీక్షతో ఏ రకం డిమెన్షియా అన్నది తేలదు. ఇంటివారు చెప్పే వివరాలు, జ్ఞాపకశక్తి పరీక్ష, మెదడు స్కానింగు, రక్త పరీక్షలు అన్నీ కలిపి చూస్తేనే డాక్టరుగారు నిర్ణయిస్తారు.

మన నిజాం వైద్య విజ్ఞాన సంస్థ డాక్టర్లు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందట. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మనకిది సంతోషకరమే, కాని ధీమా పనికిరాదు.

జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. కాని బీపీ, షుగరు అదుపులో ఉంచి, బీడీ సిగరెట్లు మానితే తర్వాతి మెట్టు దిగకుండా ఆపే అవకాశం ఉంది. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.