నీళ్ల కొట్లాట మన గల్లీ నాలా కాడికి వచ్చింది

(ఎల్బీనగర్‌ల కాలనీవాసులు, విద్యార్థులు, పాత ఉద్యమకారులు కలిసి కూసున్న సభల చేసిన ప్రసంగ పాఠం)



మనం కూసున్న ఈ జాగకు దగ్గర్లనే ఎల్బీనగర్ చౌరస్తా ఉన్నది. 2009 నవంబర్ 29 నాడు కాసోజు శ్రీకాంతాచారి ఒంటికి నిప్పు పెట్టుకున్నది ఆ చౌరస్తా కాడనే. అటు దిక్కు పోయినప్పుడల్లా మనం దేనికోసం కొట్లాడినమో యాదికొస్తది. నీళ్లు, నిధులు, నియామకాలు. అండ్ల మొదటి మాట నీళ్లు.

ఆ రోజుల్ల ఏ ఊరికి పోయినా, ఏ దీక్షా శిబిరంల కూసున్నా టీఎంసీల లెక్కలు చెప్పినం. ఉమ్మడి రాష్ట్రానికి కృష్ణల 811 టీఎంసీలైతె మన వాటా ఏదని నిలదీసినం. ఆ కొట్లాట న్యాయమైంది. కానీ మన గల్లీల పడ్డ వాన నీళ్లు ఎటు పోతున్నయని మనం ఒక్కనాడూ అడగలేదు. ఇయ్యాల గా ముచ్చటనే మాట్లాడుకుందాం.

మన పిల్లలను నాలా అంటె ఏంది బిడ్డా అని అడిగితె, మోరీ అంటరు. వాళ్ల తప్పు లేదు. వాళ్లు పుట్టినకాడికెల్లి చూసింది నల్లటి నీళ్లు, ప్లాస్టిక్ కవర్లు, దోమలే. నాలా మోరీ కాదు. ఒక చెరువు మత్తడి దుంకితె ఆ నీళ్లను తీసుకపోయి ఇంకో చెరువు కడుపుల పోసే కాలువ అది. మన పెద్దలు దీన్ని గొలుసుకట్టు అన్నరు. చెరువులు గొలుసుల పూసలైతె, కాలువ దారం. దారం తెంపి పూసలు కాపాడుతమంటె అయితదా?

మన దిక్కు గొలుసునే చూడుండ్రి. పైన మీర్‌పేట మంత్రాల చెరువు, పెద్ద చెరువు. అవి నిండితె నీళ్లు సరూర్‌నగర్ చెరువుకు రావాలె. సరూర్‌నగర్ చెరువు నిండితె కోదండరాంనగర్, చైతన్యపురి దిక్కుగా పోయి మూసీల కలువాలె. అటు హయత్‌నగర్‌ల బాతుల చెరువు, ఇటు నాగోల్ కాడ బండ్లగూడ చెరువు. వాటి నీళ్లదీ ఇసొంటి తొవ్వనే. ఆ తొవ్వల మీదనే ఇయ్యాల మన కాలనీలున్నయి. చెరువు శిఖంల ప్లాట్లు కొట్టిన్రు, కాలువ మీద స్లాబులేసిన్రు, వాన నీళ్ల తొవ్వల సెప్టిక్ పైపులు కలిపిన్రు. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలను 2007ల గ్రేటర్‌ల కలిపిన్రు. బోర్డు మారింది. నాలా మారలేదు.

ఉద్యమంల మనం ఏమన్నం? ఉమ్మడి పాలకులు మన చెరువులను సర్వనాశనం చేసిన్రన్నం. అది నిజం. కానీ 2014 జూన్ 2 తర్వాత ఏమన్నట్టు? రాష్ట్రం మనది, పాలన మనది. 2015ల మిషన్ కాకతీయ పేరు మీద ఊర్ల చెరువుల పూడిక తీసుకున్నం. మరి మన పట్నంల, మన కండ్ల ముంగట నాలా మీద గోడ లేస్తుంటె ఎవరిని తిట్టాలె? గోడ కట్టినోడు మనోడే. పర్మిషన్ ఇచ్చినోడు మనోడే. చూసి ఊకున్నది మనమే.

దాని ఫలితం 2020ల చూసినం. ఆ సెప్టెంబర్‌ల నేరేడ్‌మెట్‌ల పన్నెండేండ్ల ఆడబిడ్డ తెరిచి ఉన్న నాలాల పడి పాణం ఇడిసింది. అదే నెలల సరూర్‌నగర్‌ల స్కూటర్ మీద పోతున్న మనిషిని వరద ఈడ్చుకపోతె, శవం చెరువుల దొరికింది. అక్టోబర్ 13 నాడు హయత్‌నగర్ దిక్కు ఒక్క దినంల 30 సెంటీమీటర్లకు దగ్గర వాన పడ్డది. కప్రాయి చెరువు నీళ్లు హరిహరపురం కాలనీల చొచ్చినయి. జనాన్ని పడవల మీద బయటికి తెచ్చిన్రు. చెరువులు ఊర్ల మీద పడ్డయని టీవీలల్ల చెప్పిన్రు. చెరువు మన మీద పడలేదు. మనం మూసిన తొవ్వను అది వెతుక్కున్నది.

ఇంకో మాట. ఆనాడు మీర్‌పేట ఒక కార్పొరేషన్, సరూర్‌నగర్ ఇంకో కార్పొరేషన్. పైనోళ్లను అడిగితె కిందికి చూపెట్టిన్రు, కిందోళ్లను అడిగితె పైకి చూపెట్టిన్రు. నీళ్లకు హద్దురాయి ఏం తెలుసు? అవి పల్లం చూసుకొని పోతయి.

అప్పటిసంది మేము కొంతమందిమి కలిసి నాలాల ఎంబడి తిరుగుతున్నం. మాకు బిల్డింగు లేదు, బ్యాంకు ఖాతా లేదు. రిటైరైన సార్లు, ఇంటర్ పిల్లలు, ఇద్దరు ముగ్గురు విలేకరులం, కాలనీల అక్కలు. రోహిణి కార్తెల, మిరుగు రాకముందు, చెరువు మత్తడి కాడికెల్లి మూసీ దాకా నడుస్తం. ఏడ జాలి ఊడింది, ఏడ కప్పు లేదు, ఏడ కూలగొట్టిన ఇంటి మట్టి పోసిన్రు, ఫోటో తీసి దరఖాస్తు పెడ్తం. పూడిక తీసినోళ్లు ఆ మట్టిని ఒడ్డు మీదనే పోసి పోతె, మొదటి వానకే మల్ల అండ్లనే పడ్తది. అందుకే మట్టి ఎత్తేదాక లారీ కాడ నిలబడ్తం. సమాచార హక్కు చట్టం కింద గ్రామ నక్షలు, చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలు అడుగుతం. నక్ష మీద కాలువ గీత ఉంటది, నేల మీద ఉండదు. గా రెండిటి నడుమ మాయమైందే మన కొట్లాట.

ఒక్కటి మాత్రం చెయ్యం. నాలాల, మ్యాన్‌హోల్‌ల మనిషిని దింపం. 2021 ఆగస్టుల సాహెబ్‌నగర్‌ల మ్యాన్‌హోల్‌లకు దిగిన ఇద్దరు కార్మికులు పాణాలతోని బయటికి రాలేదు. మనుషులతో పాకీ పని చేయించొద్దని 2013ల చట్టమొచ్చింది. మన సేవ పేరు మీద ఇంకో ఇంట్ల దీపం ఆరొద్దు.

ఇగ చెప్పాలంటె కష్టమైన ముచ్చట. మేము ఒక నాలా పొంట ఆక్రమణల లిస్టు రాస్తుంటె ఒక దోస్తు వచ్చిండు. ఉద్యమంల మాతోని లాఠీ దెబ్బలు తిన్నోడు, ఒక్క సెల్‌ల పండుకున్నోడు. ఆయన కాంపౌండ్ గోడ నాలా లోపటికి వచ్చింది. ‘అన్నా, నా ఒక్కదాన్ని ఇడిసిపెట్టుండ్రి’ అన్నడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆయనను ఇడిసిపెడ్తె, ఆ పక్కన రేకుల ఇంట్ల ఉన్న కూలి తల్లిని ఏ మొఖం పెట్టుకొని లేవమంటం? ఆయన పేరు రాసినం. ఆయన ఇప్పటికీ మాతోని మాట్లాడడు. మాకు బాధున్నది. కానీ రాసింది కొట్టెయ్యం.

రేకుల ఇంటి తల్లి సంగతి వేరె. ఆమెకు ముందు ఇల్లు చూపెట్టాలె, తర్వాతనే ఆమె గోడ ముట్టుకోవాలె. ప్లాటు అమ్ముకొని పైసలు జేబుల వేసుకున్నోడు ఏసీ కార్ల తిరుగుతుంటె, తెలువక కొన్నోడు, పొట్టకూటికి గుడిసేసుకున్నోడు రోడ్డు మీద పడితె అది న్యాయం కాదు. 2024ల హైడ్రా వచ్చినప్పుడు జనం చప్పట్లు కొట్టిన్రు, జనమే ఏడ్చిన్రు కూడా. రెండూ నిజమే.

చట్టం లేదంటరా? ఉన్నది. 2012 నాటి జీవో 168ల రాసి ఉన్నది. పది మీటర్ల కంటె వెడల్పున్న నాలాకు ఒడ్డు నుంచి తొమ్మిది మీటర్లు, పది మీటర్ల లోపుదానికి రెండు మీటర్లు ఇడిసిపెట్టాలె. రెండు మీటర్లంటె ఒక మంచమంత జాగ. అంత కూడ ఇడవలేకపోయినం.

2020 తర్వాత నాలాల అభివృద్ధి పథకం కింద కొన్నికాడ వెడల్పు చేసిన్రు, బాక్స్ డ్రెయిన్లు కట్టిన్రు. కొన్ని కాలనీలకు ముంపు తగ్గింది. కాదనం. కానీ సిమెంటు పెట్టె కట్టి మూత పెడ్తె నాలా బతికినట్టు కాదు. అండ్ల మురికి పోతుంటె కింది చెరువు సచ్చిపోతది. అందుకే మేము అడిగేది మూడే. నక్ష పట్టుకొని ప్రతి నాలాకు హద్దురాళ్లు పాతాలె. మురికి పైపును వాన నీళ్ల కాలువ నుంచి వేరు చెయ్యాలె. మీర్‌పేట నుంచి మూసీ దాకా గొలుసంతా ఒక్కటే జవాబుదారీ కింద పెట్టాలె.

అయ్యే పనేనా అంటరు. అంబర్‌పేట బతుకమ్మ కుంటను చూడుండ్రి. చెత్త, మట్టి నింపి లేకుంట చేసిన కుంట. 2025ల తవ్వితె నీళ్లు పైకొచ్చినయి. అదే ఏడు కుంట మల్ల నిండింది. మనం మర్శినా నీళ్లు మర్శిపోలేదు.

రాష్ట్రం అడిగిననాడు మనల్ని నవ్విన్రు. ఇయ్యాల నాలా అడిగితె నవ్వుతున్నరు. నవ్వనియ్యుండ్రి. వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు సరూర్‌నగర్ చెరువు కట్ట మీద కలుద్దాం. చెప్పులు గట్టియి వేసుకొని రాండ్రి. మీ ఇంటి వెనుక నాలా ఎక్కడ పుట్టిందో మీ పిల్లలకు చూపెడ్తం.

జై తెలంగాణ!