పార్సెల్ ఎక్కడుందో రోజూ మనమే అడుగుదాం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కంప్యూటర్ గురించి మాట్లాడమన్నారు. నేను చీరతో మొదలుపెడతాను. మా ఇంట్లో మగ్గం తాతయ్యతోనే ఆగిపోయింది. ఇప్పుడు అమ్మా నేనూ ఇల్కల్ చీరలు తెచ్చి, ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుని, సింధనూరు నుంచి పార్సెల్ చేస్తాం. ఒకసారి పెళ్ళికని పంపిన చీర తిరిగి మా గుమ్మానికే వచ్చింది. "ఇంటికి తాళం" అని కారణం. ఆవిడేమో రోజంతా ఇంట్లోనే ఉన్నానన్నారు. ఆ మాట కొరియర్ వెబ్‌సైట్‌లో నాలుగు రోజులుగా ఉంది, చూడనిది నేనే. పెళ్ళి అయిపోయింది. డబ్బు వాపసు ఇచ్చాం, రానూపోనూ ఖర్చు మాదే. నేసినాయనకి ఇవ్వాల్సింది ముందే ఇచ్చేశాం గదా!

"రోజూ చూసుకోవచ్చు కదరా" అంది అమ్మ. ముప్పై పార్సెళ్ళుంటే ముప్పై నంబర్లు కొట్టాలి. పండగ ముందు ఎవరికి తీరిక?

పైథాన్ భాషలో 'రిక్వెస్ట్స్' అనే లైబ్రరీ ఉంది, ఉచితం. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలు కాదు, ఇంకొకరు రాసిపెట్టిన కోడ్. నూలుకి రంగు మనం వేయకుండా, వేసింది కొనితెచ్చి నేసుకుంటాం చూడండి, అట్లా. ఇంటర్నెట్‌లో ఇంకో కంప్యూటర్‌ని అడిగి జవాబు తెచ్చే పని దానిది. ఏం అడగాలి, జవాబుతో ఏం చేయాలి అన్నది మనం రాసుకోవాలి. కొరియర్ వాళ్ళని వ్యాపార ఖాతాకి ఏపీఐ ఇస్తారేమో అడగండి. అనుమతి లేకుండా వాళ్ళ వెబ్‌సైట్‌ని నిమిషానికోసారి తట్టొద్దు. రోజుకి రెండుసార్లు చాలు.

అడిగే ముందు నంబర్ సరిగ్గా ఉందా చూడాలి. స్పీడ్ పోస్ట్ నంబర్‌లో మొదట రెండు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. ఆ తొమ్మిదో అంకె ఊరికే వేసింది కాదు. ముందున్న ఎనిమిదింటిని వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడాలి. మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేస్తే అదే తొమ్మిదో అంకె. 10 వస్తే 0, 11 వస్తే 5 వేస్తారు. 12345678 తీసుకోండి: మొత్తం 204, శేషం 6, కాబట్టి 5. రసీదు మీద 7ని 1 అని చదివామనుకోండి, లెక్క ప్రకారం 4 రావాలి, కానీ అక్కడ 5 ఉంటుంది. తప్పు ఇంట్లోనే దొరికిపోయింది, నెట్ కూడా అక్కర్లేదు. సార్వత్రిక తపాలా సంఘం ప్రమాణం ఇది, దేశం దాటే పార్సెళ్ళకీ ఇదే.

ఇక నా పొరపాటు చెప్తాను. ప్రోగ్రామ్ రాశాక రెండు రోజులు ఏ మెసేజూ రాలేదు. అంతా బాగుందనుకుని నిశ్చింతగా ఉన్నాను. తీరా చూస్తే మొదటి రాత్రే ఒక జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిపోయి ఉంది! రిక్వెస్ట్స్‌కి టైమౌట్ మనం చెప్పకపోతే తనంతట తాను పెట్టుకోదు, అవతలివాళ్ళు పలికేదాకా కూర్చుంటుంది. ఇప్పుడు పది సెకన్లు పెట్టాను. చెప్పడానికేం లేకపోయినా రోజూ పొద్దున "అన్నీ చూశాను" అని ఒక మెసేజ్ పంపేట్టు రాశాను. అది రాలేదంటే ప్రోగ్రామే పడుకుందని అర్థం.

ఎక్కువ కష్టం కోడ్‌లో లేదు, మాటల్లో ఉంది. ఒక కొరియర్ "దారిలో ఉంది" అన్నదాన్నే ఇంకొకరు "హబ్ చేరింది" అంటారు. అన్నిటినీ మనకి పనికొచ్చే నాలుగు మాటల్లోకి దించుకున్నాను: బయల్దేరింది, దారిలో, ఇవ్వలేకపోయారు, అందింది. మూడో మాట వచ్చినా, రెండు రోజులు కదలకపోయినా ఫోన్ మోగుతుంది. అప్పుడు చీర తీసుకునేవాళ్ళకి అమ్మ ఫోన్ చేస్తుంది. ఆ పని మాత్రం ప్రోగ్రామ్‌కి అప్పజెప్పలేదు. అవతలివాళ్ళు ఇంట్లో ఉన్నారో లేరో స్కాన్ చేసినాయన మాట కన్నా వాళ్ళనే అడగడం మేలు.

భోజనాలయ్యాక ఈ హాల్లోనే ఉంటాను. పాత రసీదులు నాలుగైదు తెచ్చుకోండి, ఆ తొమ్మిదో అంకె లెక్క కాగితం మీద కలిసి వేద్దాం.